పులిహోర వాసన వేసిన బ్రేకు

అమరేశ్వరరావు గారు కాటా తుడుస్తున్నారు.

తూర్పున ఇంకా ఎరుపు దేరలేదు. తాడేపల్లిగూడెం మార్కెట్ రోడ్డులో పాలవాళ్ళ మోటారు సైకిళ్ళ చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒకే ఒక్క గుమ్మం. ఆ గుమ్మానికి ఇవతల బియ్యం బస్తాల వరసల మధ్య నిలబడి, నువ్వుల నూనెలో తడిపి పిండిన పాత పంచె ముక్కతో ఆయన ముందు కాటా దండెని, తరవాత గొలుసుల్ని, పళ్ళేల్ని, ఆ పైన తూకం రాళ్ళని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా ఒక్కొక్కటే తుడిచి పీట మీద పెడుతున్నారు. పక్కనే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. సరుక్కి వచ్చినవాళ్ళంతా దాని ఎర్ర అంకెలకేసే చూస్తారు. అయినా పాత కాటాకి నూనె గుడ్డ తప్పదు. "నీళ్ళగాలి దేశంరా ఇది. ఒక్క పూట ఏమరితే ఇనుము ఏడుస్తుంది" అని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆయన పోయినా మాట పోలేదు. పని అయ్యాక ఆ గుడ్డని కర్పూరం డబ్బాలో పెట్టి మూత వేస్తారు, ఎలకలు కొరక్కుండా.

గుమ్మంలో నాగదుర్గ నిలబడి ఉంది. నీలం జెర్సీ, మోకాళ్ళ దాకా నల్ల లాగు, చంకలో పసుపుపచ్చ హెల్మెట్. నాన్న ఒక్కసారి తలెత్తితే వెళ్ళొస్తానని చెబుదామని చూస్తోంది. ఆయన తలెత్తడం లేదు. ఒకసారి తుడిచేసిన అరకేజీ రాయిని మళ్ళీ తీసి తుడుస్తున్నారు.

ఈ తండ్రీకూతుళ్ళ మధ్య మాట ఎక్కడ తెగిందో మొన్నటి భాగం చదివినవాళ్ళకి తెలుసు. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కొల్లేటి గట్ల మీద ఒక రోజు, బుట్టాయగూడెం అవతలి కొండల్లో ఇంకో రోజు సాగే సైకిల్ పోటీకి నాగదుర్గ పేరిచ్చింది. డిగ్రీ అయినప్పటి నుంచీ కొట్లో నాన్నకి ఆమే కుడిచెయ్యి. తెల్లారగట్ట చేపల చెరువుల గట్ల మీద గేరు సైకిలు తొక్కి వచ్చి, స్నానం చేసి, గల్లాపెట్టె పక్కన కూర్చునేది. "కొండ కంటికి ఆనని ఊళ్ళో కొండ సైకిలేంటే" అని వీధంతా నవ్వింది. అది ఆమెకి పట్టలేదు. ఆ పోటీ రెండు రోజులూ పూర్తి చేసిన ఆడపిల్ల ఈ చుట్టుపక్కల ఇంతవరకూ లేదు. తను పూర్తి చెయ్యాలి. అదొక్కటే ఆమె పట్టుదల.

ఈ సంగతి అమ్మకి చెప్పింది, నానమ్మకి చెప్పింది, తమ్ముడు ఫణికిరణ్‌కి చెప్పింది, పాలాయనక్కూడా చెప్పింది. నాన్నకి మాత్రం రేపు చెబుదాం, రేపు చెబుదాం అని దాటేసింది. చివరికి అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన గల్లాపెట్టె ముందు నిలబడి, "ఏవండీ, మీ అమ్మాయి కొండలెక్కుతుందటగా" అన్నాడు. "అలాగాండీ" అన్నారు అమరేశ్వరరావు గారు. అంతే. ఆ రోజు నుంచి కూతురితో మాట లేదు. వద్దనలేదు, వెళ్ళమనలేదు. ఏదైనా చెప్పాలంటే భార్యతో చెబుతారు.

ఇప్పుడూ అంతే.

"మంగా, మీ అమ్మాయిని అరటిపళ్ళు పట్టుకెళ్ళమను. గెల బస్తాల వెనక వేలాడదీశాను."

మంగతాయారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. "ఏవండీ, అమ్మాయి మీకు మూరెడు దూరంలో నిలబడింది. మీరే చెప్పొచ్చుగా."

"విందిగా."

"విన్నానని చెప్పమ్మా నాన్నగారికి" అంది నాగదుర్గ.

దేవుడి గూట్లో ఒత్తి సర్దుతున్న నానమ్మ వెంకటరమణమ్మ గారు వెనక్కి తిరక్కుండానే అన్నారు. "బాగుంది. ఈ ఇంట్లో మాటక్కూడా కమీషన్ ఏజెంటు కావలసొచ్చింది."

నాగదుర్గకి నవ్వొచ్చింది. నాన్న భుజం కూడా కాస్త కదిలినట్టు అనిపించింది. కాని ఆయన తల వంచుకునే ఉన్నారు.

సైకిలు బస్తాలకి ఆనించి ఉంది. రాత్రి మట్టి కడిగి పెట్టిందే గాని ఇంతలా మెరవలేదు అప్పుడు. గొట్టాలు, చువ్వలు, చక్రం మధ్యలో పళ్ళెంలా ఉండే బ్రేకు డిస్కు, అన్నీ నిగనిగలాడుతున్నాయి. అమ్మ తుడిచిందనుకుంది నాగదుర్గ. బ్రేకు పిడులు రెండూ నొక్కి చూసింది. గట్టిగానే ఉన్నాయి. ఫణి సైకిల్ని ఎత్తి తన ట్రాలీ ఆటోలో పడుకోబెట్టాడు. నిన్నటి ఉల్లిపాయల పొట్టు గాలికి లేచి ఆమె జెర్సీకి అంటుకుంది. ఆటో వీధి చివర తిరిగేటప్పుడు వెనక్కి చూసింది. కొట్టు ముందు ఎవరూ లేరు.

వట్లూరు దగ్గర మైదానంలో పొగమంచు ఇంకా నేల మీదే ఉంది. పోటీదారులు ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోకముందే ఈల మోగింది.

హైదరాబాదు నుంచి, విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు తారు రోడ్డు మీద బాణాల్లా పోయారు. ఆడవాళ్ళు అయిదుగురే. వాళ్ళలో ముందుపోయింది కలిదిండి పిల్ల పెర్సిస్. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. నడక వచ్చిన దగ్గర నుంచి గట్ల మీద పెరిగిన పిల్ల. నాగదుర్గ కంటే రెండేళ్ళు చిన్న. అక్కా అంటూనే గేలి చేస్తుంది.

"అక్కా, కొట్టుకి తాళం వేశావా? గుర్తు చేసుకో. మళ్ళీ వెనక్కి వెళ్ళాలంటే కష్టం."

"నువ్వు రొయ్యలకి మేత వేశావా?" అంది నాగదుర్గ.

"మా నాన్న వేస్తాడు. నేనెళ్ళిపోతన్నా, బై."

తారు రోడ్డు అయిపోయి గట్టు మొదలయ్యాక కథ మారింది. మొన్నటి తుఫాను వానకి నల్లమట్టి ఇంకా ఆరలేదు. చక్రానికి పట్టుకున్న బంకమట్టి కుడుముల్లా పెరిగి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి రాసుకునేది. బాణాల్లా పోయినవాళ్ళు దిగి, సైకిలు భుజాన వేసుకుని నడుస్తున్నారు. నాగదుర్గకి ఈ మట్టి గుణం తెలుసు. గట్టు నడిమధ్యన మెత్తగా ఉంటుంది, అంచున గడ్డి వేళ్ళు పట్టి ఉంచుతాయి. ఆ జానెడు గడ్డి మీదే, ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలవ, చిన్న గేరులో, తొందర లేకుండా తొక్కుకుంటూ పోయింది. భుజాన సైకిలున్న ఒకాయనని దాటింది. ఇంకొకాయనని దాటింది. ఆయన "ఎలాగండీ" అని అడిగాడు. "అంచునండీ, అంచున" అని చెప్పి పోయింది.

మంచు విడిపోయేసరికి కొల్లేరు కనపడింది. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళ మధ్య గీతలు గీసినట్టు గట్లు. పిట్టలు రాకుండా చెరువుల మీద కట్టిన రిబ్బన్లు ఎండకి తళతళమంటున్నాయి. ఆ రిబ్బన్లని లెక్కచెయ్యని కొంగలు మెడలు సాచి ఆమెకేసి చూశాయి. ఎదురుగాలి. తొడలు మండుతున్నాయి. అయినా ఏదో పాట నోట్లోకి వచ్చింది, పదాలు గుర్తులేవు, రాగం ఒక్కటే. ఈ గాలిలో, ఈ బురదలో, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాగదుర్గ కాదు తను. గుండె ఎంత పెద్దదో కొట్టుకుంటుంటే తెలుస్తోంది.

అంతవరకూ బ్రేకు అవసరమే పడలేదు. ఆ మట్టిలో తొక్కడం ఆపితే సైకిలు తనే ఆగుతుంది.

కొల్లేట్లో ఎత్తంటే కాలవ మీది వంతెనలే. కలిదిండి వైపు గట్టు మీద అలాంటి వంతెన ఒకటి ఎక్కి, అవతల సిమెంటు దిగుడులో సైకిల్ని వదిలింది నాగదుర్గ. జోరందుకుంది. దిగువన దారంతా తెల్లగా, గోధుమరంగుగా కదులుతోంది.

బాతులు. వందల బాతులు. కాలవలోంచి లేచి, గట్టు దాటి, చేలోకి నడుస్తున్నాయి, వాటికేమీ పనీ తొందరా లేనట్టు.

రెండు పిడులూ నొక్కింది. కీచుమని పెద్ద కూత వచ్చింది. జోరు మాత్రం తగ్గలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. కూత పెరిగింది, బాతులు దగ్గరయ్యాయి. ఇక ఆలోచించలేదు. హ్యాండిల్ పక్కకి తిప్పి గట్టు వాలు మీదకి దూకించింది. సైకిలూ ఆమే కలిసి కాలవలో గుర్రపుడెక్క మీద పడ్డారు. డెక్క పరుపులా ఒకసారి పైకి ఎగరేసి, తరవాత నెమ్మదిగా లోపలికి తీసుకుంది.

తల పైకెత్తేసరికి గట్టు మీద పొడుగాటి గెడకర్ర పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఉన్నాయి.

"ఏమ్మా, గంట కొట్టవేం?"

"గంట లేదండీ."

"బ్రేకు?"

"ఉందండీ. పడలేదు."

"గంటా లేదు, బ్రేకూ లేదు. నువ్వెవరి పిల్లవో గాని గుండె మాత్రం ఉంది." ముసలామె గెడ చివర ముందుకు చాచింది. "పట్టుకో. నా పేరు అచ్చమ్మ. నా బాతు ఒక్కటి నలిగినా నిన్ను అక్కడే ఉండనిచ్చేదాన్ని. అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి లాగుతున్నా."

బాతులు మాత్రం ఆగి, వరసగా నిలబడి, ఆ లాగడం చూశాయి.

వెనక వంతెన మీద చక్రాల చప్పుడయింది. పెర్సిస్. గట్టు మీద జారి పడి గొలుసు ఊడి వెనకబడిందట, మోచేతికి మట్టి. దాటి పోవచ్చు. పోలేదు. సైకిలు గడ్డిలో పడేసి కిందికి దిగి నాగదుర్గ సైకిల్ని డెక్కలోంచి బయటికి ఈడ్చింది.

"నువ్వెళ్ళు పెర్సిస్. టైము పోతుంది."

"పోతే పోనీలే. నువ్వు లేకపోతే నేనెవర్ని ఏడిపించాలి?" పెర్సిస్ చక్రం తిప్పి చూసింది. పిడి నొక్కి చూసింది. డిస్కు మీద వేలు పెట్టి రాసింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి, మళ్ళీ వాసన చూసింది.

"అక్కా, మీ బ్రేకు పులిహోర వాసనేస్తుందేంటి?"

నాగదుర్గ కూడా వేలు పెట్టి చూసింది. నువ్వుల నూనె. నీళ్ళలో మునిగినా పోలేదు. నూనె వెనకాల, సన్నగా, ఇంకొక వాసన. కర్పూరం.

ఆమె ఆ గడ్డిలోనే కూలబడింది. ముందు భుజాలు కదిలాయి. తరవాత గొంతులోంచి నవ్వు బయటికి వచ్చింది. నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, జుట్టులోంచి డెక్క ఆకులు జారుతున్నాయి.

"దెబ్బ తలకి తగిలిందా?" అంది పెర్సిస్ అచ్చమ్మకేసి చూస్తూ.

"మా నాన్నగారు నాతో మాట్లాడారు పెర్సిస్" అంది నాగదుర్గ.

ఎలా చెప్పాలి ఆ పిల్లకి? వాళ్ళింట్లో దూరం పోయే ఇనుము ఏదైనా పొడిగా గుమ్మం దాటదు. ఫణి ట్రాలీ ఆటో కొన్నరోజు దాని కమ్మీలన్నిటికీ నూనె గుడ్డ తగిలింది. నానమ్మ కాశీకి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె గొళ్ళేనికి తగిలింది. పదో తరగతి లెక్కల పరీక్ష రోజున నాన్న ఆమె జామెట్రీ బాక్సులో వృత్తలేఖినికి కూడా రాశారు. వృత్తం గీస్తే చుట్టూ నూనె మరక పడింది, మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. దీవెన అన్న మాట ఆయన నోట్లోంచి ఎన్నడూ రాదు. ఆ పాత పంచె ముక్కతోనే వస్తుంది. ఎదురుగా నిలబడితే తలెత్తని మనిషి, తెల్లారకముందే లేచి, చీకట్లో ఒక్కడే కూర్చుని, సైకిలంతా తుడిచాడన్నమాట.

"అయితే మీ నాన్నగారు నిన్ను దీవించి కాలవలో తోశారు" అంది పెర్సిస్.

"అచ్చంగా అంతే."

"మంచోడే" అంది అచ్చమ్మ. "మా ఆయన దీవించకుండానే తోసేవోడు."

ఆ తరవాత దారంతా నాగదుర్గ బ్రేకు మీద ఆశ వదులుకుంది. దిగుడు వచ్చినప్పుడల్లా కుడికాలు దించి బూటు అడుగుని నేలకి రాసి ఆపింది. చిన్నప్పుడు నాన్న పాత సైకిల్ని, సీటు అందక గొట్టాల మధ్య నుంచి కాలు దూర్చి, కాంచీ తొక్కుడు తొక్కి, ఆపడం రాక అలాగే కాలు రాసేది. అమ్మ తిట్టేది, చెప్పులు అరుగుతాయని. ఇప్పుడు బూటు అరిగింది. సగం దారిలో అడుగు అట్ట ఊడి టపటపమని కొట్టుకోవడం మొదలెట్టింది. పెర్సిస్ వెనక నుంచి, "అక్కా, తాళం బాగా వేస్తున్నావు" అని అరిచింది.

భీమడోలులో ముగింపు గీత దగ్గర రైలు గేటు పడి జనం ఆగి ఉన్నారు. స్కూటర్ల మీదవాళ్ళు, బస్సు కిటికీల్లోవాళ్ళు, గడ్డి ట్రాక్టరు మీదవాళ్ళు, అందరూ మెడ తిప్పి, నల్లటి బురదబొమ్మలా వస్తున్న ఆడపిల్లని చూసి చప్పట్లు కొట్టారు. ఎవరో "మన గూడెం పిల్లేరా" అన్నారు. పెర్సిస్ ఆఖర్లో ఒక్క చక్రం ముందుకు దూరింది. ఆడవాళ్ళలో పెర్సిస్ రెండో మనిషి, నాగదుర్గ మూడో మనిషి. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, తాగాల్సిన నీళ్ళు నెత్తిన పోసుకున్నారు.

అప్పుడే పోటీ నిర్వహించేవాళ్ళలో ఒకాయన వచ్చి, ఊడిన బూటు చూసి, బ్రేకు నొక్కి చూసి, తలాడించారు.

"బాగా తొక్కారమ్మా. కాని రేపు కొండ. గంటలకొద్దీ దిగుడే ఉంటుంది. పొద్దున్నే ఒక్కొక్కరి బ్రేకులూ, హెల్మెట్లూ చూస్తాం. ఇలా వస్తే గీత దాటనివ్వం. మీ మంచికే చెబుతున్నాను."

పెర్సిస్ దగ్గర డిస్కుని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు అదనంగా ఉన్నాయి గాని అవి వేరే రకం, ఈ సైకిలుకి పట్టవు. ఫణి ట్రాలీ ఆటో పక్కన నిలబడే ఏలూరు కొట్లకి, రాజమండ్రి కొట్లకి ఫోన్లు చేశాడు. "ఆ రకం తెప్పించాలండీ, వారం పడుతుంది" అన్నారొకరు. ఇంకొకరు ఎత్తలేదు.

ఇంటికి వచ్చే దారిలో నాగదుర్గ ఒకటే మాట చెప్పింది. "ఫణీ, ఇది నాన్నగారికి తెలియకూడదు."

"బ్రేకు పాడైందని తెలియకూడదా, ఎందుకు పాడైందో తెలియకూడదా?"

"రెండూ. ఇన్నాళ్ళకి ఒక్క మాట మాట్లాడారు. అది కూడా తప్పుమాట అయిందని ఎలా చెబుతాం?"

"రేపు మరి?"

ఆమె ఊడిన బూటు అట్టని చేత్తో అదిమి పట్టుకుంది. చెరువుల మీద ఎండ వాలుతోంది.

సంజవేళకి నాగదుర్గ స్నానం చేసి పెరటి వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మేకుకి హెల్మెట్ తగిలించింది. పక్కన పేపరు మీద నాలుగు బ్రేకు ప్యాడ్లు. బొటనవేలంత బిళ్ళలు. సబ్బుతో కడిగింది, స్పిరిటుతో తుడిచింది, సెగ చూపించింది. మళ్ళీ బిగించి వీధిలో తొక్కి చూస్తే మళ్ళీ అదే కూత, అదే జారుడు. నూనె వాటి లోపలికంటా ఇంకిపోయింది.

వెంకటరమణమ్మ గారు గిన్నెతో వచ్చి మనవరాలి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. "ఇలా చాపు బంగారం. పిక్కలు రాళ్ళయిపోయాయి."

"ఏం నూనె నానమ్మా?"

"నువ్వుల నూనే. ఇంకేం ఉంది మనింట్లో?"

ఫణి పగలబడి నవ్వాడు. మంగతాయారు వంటింట్లోంచి, "ఏంట్రా, నాకు కూడా చెప్పండి" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. నానమ్మ నూనె చేతులతో మనవరాలి మోకాళ్ళు, అరచేతులు, వేళ్ళు, ఏదీ వదలకుండా మర్దించేస్తున్నారు.

ఫోను మోగింది. పెర్సిస్. నాగదుర్గ చేతుల నిండా నూనె. మోచేత్తో తెర మీద నొక్కింది. స్పీకరు తగిలింది.

"అక్కా, ఏమైంది?" అని కలిదిండి గొంతు వసారా అంతా వినపడింది. "మీ నాన్నగారి పులిహోర బ్రేకులు బాగయ్యాయా? మా ఇంట్లో చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. మా నాన్నయితే, రొయ్యల చెరువు మోటార్లక్కూడా ఆయన చేత..."

నాగదుర్గ మోచెయ్యి మళ్ళీ ఆనించేలోపే చాలా మాటలు దాటిపోయాయి. తల తిప్పితే గుమ్మంలో అమరేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. కొట్లో దీపం పెట్టడానికి అగ్గిపెట్టె కోసం వచ్చినట్టున్నారు. చెయ్యి గూటి దగ్గర ఆగిపోయి ఉంది.

వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగింది.

"నూనె తగిలితే ఆగదా అది?"

అడిగింది మంగతాయారుని కాదు. ఫణిని కాదు. నాగదుర్గకేసి చూస్తూ అడిగారు.

"ఆగదు నాన్నగారూ. పట్టు జారిపోతుంది."

"కడిగితే?"

"డిస్కు కడిగితే పోయింది. ఈ బిళ్ళలు పీల్చేసుకున్నాయి. మార్చాల్సిందే."

"దెబ్బ తగిలిందా?"

"గుర్రపుడెక్కలో పడ్డాను. మెత్తగానే ఉంది."

"బాతులక్కూడా ఏం కాలేదు నాన్నగారూ" అన్నాడు ఫణి. వెంకటరమణమ్మ గారు వాడి మోకాలి మీద ఒక్కటి వేశారు. దానికీ నూనె అంటింది.

అమరేశ్వరరావు గారు వచ్చి పేపరు ముందు గొంతుక్కూర్చున్నారు. "పళ్ళెంలా ఉంది" అన్నారు నెమ్మదిగా. "కాటా పళ్ళెమే అనిపించింది. మిగతావాటి కంటే దానికే ఎక్కువ తుడిచాను."

"మీరు తుడిచారని తెలిశాక దారంతా నవ్వుకుంటూనే తొక్కాను నాన్నగారూ. నిజం."

"మరి ఇంటికొచ్చి నాకు చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని."

ఆయన పేపరు మీది బిళ్ళల్ని ఒక వరసలోకి జరిపారు. ఇన్నాళ్ళుగా దాచిన సరుకంతా ఒక్కసారే దించినట్టు అన్నారు.

"పేరిచ్చినప్పుడూ అంతే. నేను వద్దంటానని నువ్వే అనేసుకున్నావు. ఇప్పుడు నేను బాధపడతానని నువ్వే అనేసుకున్నావు. నా తరఫు బేరం కూడా నువ్వే ఆడేస్తే, ఇక నేనెందుకే ఈ కొట్లో?"

నాగదుర్గ నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "చెబితే వద్దనేవారు కాదా?"

"అనేవాణ్ణేమో. అడిగితే కదా తెలిసేది."

"ఇప్పుడడుగుతున్నాను. రేపు వెళ్ళనా?"

"బ్రేకు లేకుండా ఎక్కడికెళతావు?" అన్నారాయన. ఆ కసురులో ఉన్న చనువు విని మంగతాయారు పైటతో కళ్ళు ఒత్తుకుంది. "ఎన్నింటికి చూస్తారు?"

"సూర్యుడు రాకముందే. బుట్టాయగూడెంలో."

ఆయన ప్యాడ్లలోంచి ఒకటి తీసుకున్నారు. అరచేతిలో వేసుకుని, బియ్యపు గింజల్ని చూసినట్టు వేలితో అటూ ఇటూ దొర్లించారు. వెనకవైపు చెక్కిన అంకెలు కళ్ళజోడు పైకెత్తి చదివారు. పేపరు ముక్క చింపి, మూలలు మడిచి, చిన్న పొట్లం కట్టారు. మచ్చు లేకుండా సరుకు అడగకూడదన్నది కూడా వాళ్ళ నాన్న చెప్పిన మాటే. పొట్లం జేబులో వేసుకుని కొట్లోకి వెళ్ళారు.

"నాన్నగారూ, నేనన్ని కొట్లకీ ఫోన్ చేశానండీ. ఎక్కడా లేవు" అన్నాడు ఫణి వెనక నుంచి.

కాసేపటికి షట్టర్ దిగిన చప్పుడైంది. దీపాలవేళ ఆ షట్టర్ దిగగా ఆ వీధి ఎన్నడూ చూడలేదు. ఎదురు కొట్టాయన "ఏవండీ, ఒంట్లో బాగాలేదా" అని అడగడం వినపడింది. అమరేశ్వరరావు గారు మళ్ళీ వసారాలోకి వచ్చారు. మేకుల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎవరికేసీ చూడకుండా, పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయారు. స్కూటరు రెండు తన్నులకి అందుకుంది. చప్పుడు మార్కెట్ వైపు పోలేదు. పెద్ద రోడ్డు వైపు తిరిగి, దూరమై, లారీల మోతలో కలిసిపోయింది.

"ఎక్కడికండీ, భోజనం..." అంటూ వచ్చిన మంగతాయారు ఖాళీ పెరడు చూసి ఆగింది.

ఫణి ఫోన్ చేశాడు. మూసిన కొట్లో గల్లాపెట్టె మీద మోగింది.

"ఆయనకి ఈ సైకిలు బ్రేకంటే ఏంటో కూడా తెలీదు కదే" అంది మంగతాయారు.

"వాడికి సరుకంటే తెలుసు" అన్నారు వెంకటరమణమ్మ గారు, మనవరాలి రెండో కాలు ఒళ్ళోకి లాక్కుంటూ.

నాగదుర్గ వినడం లేదు. గోడకేసి చూస్తోంది. ఆయన కండువా మేకుకే ఉంది. పక్క మేకు ఖాళీ. ఊళ్ళో ఎవరెంత చెప్పినా నెత్తిన హెల్మెట్ పెట్టి ఎరగని మనిషి, ఇవాళ మొదటిసారి పెట్టుకుని వెళ్ళారు. పసుపుపచ్చది. ఆమెది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే.

రేపు తెల్లారేసరికి కొండ కింద చూసేది బ్రేకులొక్కటే కాదన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.